అక్క పంపిన పళ్ళపొడి

మొన్న ఉదయం ఫోను తెరిస్తే మా పాత విద్యార్థుల గుంపులో నా పేరిట ఒక విన్నపం కనిపించింది. మస్కట్‌లో పనిచేసే శిష్యుడొకడు, వాడికీ నలభై దాటి ఉంటాయి, ఇలా రాశాడు: "సార్, దవడ పన్ను సలుపుతున్నది. మీరు అప్పుడు చెప్పిన పొడి ఇంకా దొరుకుతదా? మావోళ్ళతోని తెప్పించుకుంట." దాని కింద మరో ఇద్దరు 'మాక్కూడా' అని చేతులెత్తారు. బడిలో నేను చెప్పిన సంధి సూత్రాలు ఒక్కటీ గుర్తు లేనివాళ్ళు, ఏదో పెళ్ళి భోజనాల దగ్గర చెప్పిన పళ్ళపొడిని ఇంతకాలం గుర్తుపెట్టుకున్నారు. వెంటనే డాక్టరుకు చూపించుకోమని, ఆ పొడి ఎవరూ వాడొద్దని, అందులో పొగాకు ఉందని రాశాను. తర్వాత ఒకడు పళ్ళు బయటపెట్టి నవ్వుతున్న బొమ్మ పంపాడు. నేను హాస్యమాడానని అనుకున్నాడు. తరగతిలో నా హాస్యానికి ఒక్కనాడూ నవ్వనివాడు ఇప్పుడు నవ్వాడు, అదీ నేను జీవితంలో మొదటిసారి హాస్యం లేకుండా రాసిన వాక్యానికి.

నేను జగిత్యాలలో తెలుగు పంతులుగా చేసి దిగిపోయినవాణ్ణి. దంత్యాక్షరాలు పలికించేవాడికి దంతాలు గట్టిగా ఉండాలని మొదటినుంచీ నా పట్టింపు. జ్ఞానదంతం నాకు ఇరవై ఆరో ఏట వచ్చింది. జ్ఞానం మాత్రం ఇంకా దారిలోనే ఉంది. పుట్టి పెరిగింది సిరిసిల్లలో. మా నాయన సాంచల మీద పని చేసేవాడు. సాంచా అంటే మరమగ్గం. రోజంతా వాటి చప్పుడు, ఆ చప్పుడుతో పోటీపడుతూ మా నాయన దగ్గు. బీడీ ఆరిందంటే ఇంకోటి ముట్టించేవాడు. ఆ దగ్గుతోనే పోయాడు. ఆనాటి నుంచి మా ఇంటి గడప లోపలికి పొగాకు రాకూడదని ఒట్టు పెట్టుకున్నాను. బడిలో ఏటా ప్రార్థన వేళ పొగాకు మీద ఒక ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. పిల్లలు నిలబడి నిలబడి కాళ్ళు మార్చుకునేవాళ్ళు, నేను మాత్రం మాట మార్చేవాణ్ణి కాదు.

ఇందులో ఒక చిక్కు ఉంది. నన్ను చదివించింది మా చిన్నక్క. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. అమ్మకు ఒంట్లో బాగుండేది కాదు గనుక నా తలకు నూనె పెట్టడం, పలక కడగడం, కానుగ పుల్ల కొసను కొరికి కుంచెలా చేసి నా చేతికివ్వడం అన్నీ ఆమే. ఆ పుల్లతో నేను తోముకుంటుంటే పక్కన కూర్చుని చాట ఒడిలో పెట్టుకుని బీడీలు చేసేది. కోరుట్లకు కోడలై పోయాక కూడా ఆ చాట ఆమె ఒడి దిగలేదు. నా ఫీజులు, నా పుస్తకాలు, నా పంతులు కొలువు అన్నీ ఆ చాటలోంచి వచ్చినవే. పొగాకును తిట్టడానికి నేను వాడిన మంచి మంచి సమాసాలన్నీ పొగాకు పెట్టిన భిక్షే. ఈ సంగతి ఉపన్యాసంలో చెప్పేవాణ్ణి కాదు.

పదకొండేళ్ళ కింద అక్క బిడ్డ పెళ్ళికి కోరుట్ల పోయాను. పెళ్ళికి ముందు నలుగు పెట్టే మైలపోలు నాడు ఎడమ దవడ పన్ను లేచింది. లవంగం నమిలాను, ఉప్పు నీళ్ళు పుక్కిలించాను, నొప్పి వినలేదు. పక్క వీధిలోనే పళ్ళ డాక్టరు ఉన్నాడు గానీ, పట్టకారు ఊహకు వస్తేనే నా ధైర్యం ఊడి చేతిలోకి వచ్చేది. అప్పుడు అక్క అరచేతిలో చిటికెడు నల్లటి పొడి పట్టుకుని వచ్చి, "నోరు తెరువు తమ్మీ," అని చిన్నప్పటి లెక్కనే వేలితో చిగురు మీద రుద్దింది. చురుక్కుమంది. చెవుల్లోంచి వేడి బయటికి తన్నింది, చెమటలు పట్టాయి, పందిరి గిర్రున ఒక చుట్టు తిరిగి ఆగింది. పావుగంటలో నొప్పి లేదు. ఇందులో ఏమేం కలిపావని అడిగితే, "యాపాకు, ఉప్పు, లవంగం, ఉత్తరేణి ఏరు. ఇంకేముంటది? లోపల్కి పోయి పండు," అంది. పండు అంటే మావైపు పడుకో అని. పన్ను ఊరుకుంది కనుక నేను పండాను. అక్క ఆ మాట అన్నప్పుడు నా మొహం వంక చూడలేదన్నది నాకు ఇప్పుడు గుర్తొస్తున్న విషయం. అప్పుడు నేను కళ్ళు మూసుకుని ఉన్నాను.

ఆ తర్వాత నెలకో సీసా రావడం మొదలైంది. కోరుట్ల నుంచి జగిత్యాలకు వచ్చే బస్సులో తెలిసినవాళ్ళు ఎవరో ఒకరి చేతికిచ్చి పంపేది. సీసా కొసకు వస్తున్నదంటే ఫోను చేసేవాణ్ణి. రెండు నెలల్లో నేను పళ్ళపొడి మనిషినైపోయాను. పేస్టు వాడేవాళ్ళను చూస్తే జాలి. పెళ్ళిళ్ళలో, పెన్షనర్ల మీటింగుల్లో, ఎవరైనా నోరు తెరిస్తే చాలు, ఆ నోట్లో నా పొడి పోసేవాణ్ణి. చెట్టు నుంచి వచ్చింది కాబట్టి చెడు చేయదు అన్నది నా సిద్ధాంతం. పొగాకు కూడా చెట్టేనన్న సంగతి ఇంత చదివినా తట్టలేదు.

మొదటి ఏడే మా ఆవిడను కూడా నా మతంలో కలుపుకున్నాను. ఆమె రెండో రోజే వచ్చి, "నాకు తల తిరుగుతున్నదండీ. కడుపుల దేవినట్టు అయితున్నది," అంది. లోపలి విషాలు బయటికి పోతున్నాయని చెప్పాను. ఆ వాక్యం ఫోనులో ఎక్కడో చదివాను, నచ్చింది, దాచుకున్నాను, సందర్భం వచ్చింది, వాడాను. నాలుగు రోజులాగి, "ఇది నస్యం వాసన కొడ్తున్నది. వదినెను ఒక్కసారి అడుగుండ్రి," అంది. మా అక్కనా, పొగాకా అని నవ్వేశాను. తర్వాత ఆమె అడగడం మానేసింది. ఒకసారి ఊరికి పోతూ సీసా మరిచిపోతే ఇద్దరికీ తలనొప్పి, చిరాకు, ఒకరి మీద ఒకరం విరుచుకుపడ్డాం. చూశావా, శరీరం దాన్ని అడుగుతోంది, అంటే శరీరానికి అది ఎంత మంచిదో, అన్నాను. ఇంత తర్కం చేతగాని మనిషి ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాడు.

నిరుడు చలికాలం నుంచి ఆమెకు కారం తగిలితే నోరు మండడం మొదలైంది. కూరలో మిరపకాయలు తగ్గాయి, తర్వాత ఆమె పెరుగన్నంలోకి దిగింది. నేను చెప్పిన వైద్యం: పొడి ఇంకొంచెం ఎక్కువసేపు పెట్టుకో. పెట్టుకుంది. చివరికి ఒకరోజు అద్దం ముందు పెదవి లాగి నాకు చూపించింది. కింది చిగురు పక్కన, బుగ్గ లోపలి వైపున, గోరంత తెల్లటి మచ్చ. పాలమీగడ అంటుకున్నట్టుంది, తుడిస్తే పోలేదు. ఆ సాయంత్రమే పాత బస్టాండు వైపున్న పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి పోయాం. వయసులో మా బిడ్డంత ఉంటుంది. చాలాసేపు చూసి, "అమ్మా, తంబాకు ఏమన్న పెట్టుకుంటరా నోట్లె?" అని అడిగింది. జవాబు నేను చెప్పాను. మా ఇంటి చరిత్ర, మా నాయన దగ్గు, నా ఒట్టు, ప్రార్థన వేళ ఉపన్యాసాలు, అన్నీ. ఆమె ఓపిగ్గా విని, మరి దేంతో తోముకుంటారని అడిగింది. అడిగిందే చాలని ఇంటికి పోయి సీసా తెచ్చి గర్వంగా బల్ల మీద పెట్టాను.

డాక్టరమ్మ కాగితం మీద చిటికెడు ఒంపుకుని వాసన చూసి ఊరుకుంది. పక్కన పనిముట్లు కడుగుతున్న సహాయకురాలు మాత్రం తల తిప్పి ఒక్క చూపు చూసి, "గుల్ మేడం. తంబాకు పెంక మీద మాడ్చి నూరుతరు. మా అత్త గూడ పెడ్తది," అంది. నేను వేపాకు, ఉప్పు, ఉత్తరేణి అని అప్పజెప్పడం మొదలుపెట్టాను. "అవ్వి గూడ ఉన్నయేమో సార్," అంది డాక్టరమ్మ మెల్లగా. "యాప పుల్ల మెత్తగ నమిలి తోముకుంటనంటే నేను వద్దనను. ఉప్పు నీళ్ళు పుక్కిలిస్తే మంచిదే. కని నోట్లె ఏం పెట్టుకుంటున్నరో తెలిసి పెట్టుకోవాలె గదా. నొప్పి తగ్గిందంటే పన్ను బాగైనట్టు గాదు, మొద్దుబారినట్టు." మచ్చ దగ్గర చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. పది రోజులు ఆగాలంది. కాన్సర్ అన్న మాట ఆమె అనలేదు. మేమిద్దరమూ విన్నాం.

మర్నాడు పొద్దున పళ్ళు వట్టి నీళ్ళతో కడుక్కుని కోరుట్ల బస్సెక్కాను. దారి పొడవునా తల పగిలిపోతోంది, ఒళ్ళంతా కోపం. ఆ కోపంలో నాదెంతో, దొరకని పొగాకుదెంతో ఇప్పటికీ తేల్చుకోలేను. అక్క అరుగు మీద చాట ఒడిలో పెట్టుకుని బీడీలు చేస్తోంది. డెబ్బై దాటినా వేళ్ళు అదే వేగం. నేను సీసా ఆమె ముందు పెట్టి, ఇందులో తంబాకు ఉందా అని అడిగాను.

"ఉన్నది," అంది. నేను దారంతా సిద్ధం చేసుకున్న ప్రశ్నలన్నీ ఆ ఒక్క మాటతో పనికిరాకుండా పోయాయి.

"పదకొండేండ్ల సంది చెప్పలేదేందే?"

"ఆ పొద్దు నీ నొప్పి దేనికీ ఆగలే. బీడీల తంబాకు తుక్కు మాడ్చి కలిపిన. చెప్తే నువ్వు ముడుతుంటివా? తర్వాత నువ్వే ఇంక పంపుమంటివి."

"తంబాకు తీసేసి పంపద్దా?"

అక్క చేతిలోని ఆకు చుట్టి, దారం కట్టి, కొస మడిచి పక్కన పెట్టింది. "పంపిన. ఒక్క నెల వట్టి యాపాకు, ఉప్పే వేసి పంపిన. పదొద్దులు కాకముందే ఫోన్ చేసినవ్. అక్కా, ఈసారి పొడి సప్పగున్నది, నీ చెయ్యి మారిందా అన్నవ్. యాదికున్నదా?"

ఉంది. ఆ నెల నేను ఆమెను కొంచెం కసురుకున్న సంగతి కూడా ఉంది.

"నాకైతే సరే. నీ మరదలేం చేసింది? ఆమె నోట్లె మచ్చ లేచింది."

అప్పుడు మొదటిసారి ఆమె వేళ్ళు ఆగాయి. "ఆమె గూడ పెడ్తదా? నాకెవరు చెప్పిన్రు? సీసా జల్ది అయిపోతుందంటే నువ్వే మస్తు రుద్దుతున్నవ్ అనుకున్న." చాట ఒడిలోంచి దించి పక్కన పెట్టింది. "తమ్మీ, తంబాకు లేకుంటే పొడి వద్దంటవ్. పొడి వద్దంటే నాకు ఫోన్ ఎందుకు చేస్తవ్? పిల్ల పెండ్లయినంక నువ్వు కోరుట్లకు ఎన్నిసార్లు అచ్చినవో నువ్వే చెప్పు."

నన్ను పెంచిన చెయ్యే తెలిసి తెలిసి నా నోట్లో నేను అసహ్యించుకునేదాన్ని పెట్టింది. నాతో మాట్లాడడానికి అంతకంటే వేరే దారి నేను ఉంచలేదని అంటోంది. రెండోది నిజమైనంత మాత్రాన మొదటిది చిన్నదైపోదు. లేచాను. "బువ్వ తిని పో," అంది. తినలేదు. కోరుట్లలో ఆమె చేతి అన్నం తినకుండా తిరిగి రావడం అదే మొదటిసారి. ఆమె నమ్మించింది, నేను నమ్మాను, మా ఆవిడ నమిలింది అని బస్సులో అనుకున్నాను. బాగా కుదిరిందనిపించింది. కుదిరినందుకు సిగ్గుపడ్డాను.

ఇంట్లో అక్క అన్నదంతా చెప్పాను. మోసపోయిన మనిషి గొంతుతో, మధ్యమధ్య ఆగుతూ. మా ఆవిడ చింతపండు పిసుకుతూ విన్నది. అంతా అయ్యాక, "వదినె మీకు చెప్పలేదు. నాకెవరు చెప్పలేదు?" అంది. నాకు అర్థం కాలేదు. "వాసన వస్తున్నదని నేను చెప్పిన. అడుగుండ్రి అని చెప్పిన. మీరు నవ్విన్రు. నేను మీ అక్కను నమ్మి పెట్టుకోలే. మిమ్ముల నమ్మి పెట్టుకున్న." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కొంచెం సులువయ్యేది.

ఆ పది రోజులూ మేం పెద్దగా మాట్లాడుకోలేదు. నొప్పి వల్లో, పొడి లేకపోవడం వల్లో ఇద్దరికీ నిద్ర సరిగా లేదు. పదో రోజు డాక్టరమ్మ కాగితం చదివి, కాన్సర్ కాదని చెప్పింది. అయితే అక్కడి చర్మం మారడం మొదలైందని, ఈ సమయానికి మానేయడం మంచిదైందని, మచ్చ తగ్గే వీలుందని, అయినా మూడు నెలలకోసారి చూపించుకుంటూనే ఉండాలని అంది. ఎన్నాళ్ళు అని అడిగాను. "చూసుకుంట పోవాలె సార్," అంది. బయటికి వచ్చాక మా ఆవిడ ఆటో ఎక్కకముందే అక్కకు ఫోన్ చేసి, "వదినె, కాన్సర్ కాదన్నరు. మీరు గూడ అదే పొడి పెడ్తరు గదా, వచ్చి చూపించుకోండ్రి, నేను తీస్కపోత," అంది. అవతల అక్క ఏమందో నాకు వినపడలేదు. నేను అడగలేదు. అక్కతో నేను ఇంకా మాట్లాడలేదు.

ఇప్పుడు ఇద్దరం మెత్తటి బ్రష్షుతో, మామూలు పేస్టుతో తోముకుంటున్నాం. నా దవడ పన్ను లోపలంతా పుచ్చి ఉందని తేలితే పట్టకారుకు నోరప్పగించాను. భయపడినంత నొప్పి లేదు. నిన్న పొద్దున మా ఆవిడకు పుక్కిలించడానికి గోరువెచ్చని నీళ్ళలో ఉప్పు కలిపి తెచ్చిచ్చాను. ఆమె గ్లాసు అందుకుని, నోటి దాకా తీసుకుపోయి, ఆగి, వాసన చూసింది. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో నా చేతి నుంచి తీసుకున్నదాన్ని ఆమె వాసన చూడడం అదే మొదలు. మచ్చకు మూడు నెలల గడువు ఇచ్చారు, అవి గడిస్తే మళ్ళీ మూడు నెలలు. ఆ గ్లాసు దగ్గర ఆమె ఆగిన ఆ ఒక్క క్షణం పోవడానికి ఎన్నేళ్ళు కావాలో, అన్నేళ్ళు మా ఇద్దరి దగ్గర మిగిలి ఉన్నాయో లేదో తెలియదు.