కుర్చీలో కూర్చుని ఊరందరితో గంతులు వేయించిన సైలసన్న

నిన్న పొద్దున తోరణగల్లు స్టీల్ ప్లాంటుకు కంపెనీ బస్సులో పోతుంటే ఫోన్‌లో మెసేజ్ వచ్చింది.

సైలసన్న ఇక లేడని.

ఎవరో ఫేక్ పెట్టారనుకున్నాను. ఇంతకుముందు ఇలాంటి పుకారే లేస్తే, అన్న హాస్పిటల్ బెడ్ మీద ఇడ్లీ తింటూ వీడియో పెట్టాడు. ఈసారి కూడా పెడతాడని రిఫ్రెష్ కొడుతూ కూర్చున్నా.

రాలేదు.

తలెత్తి చూస్తే బస్సులో సగం మంది ఫోన్లలోకే చూస్తున్నారు. డ్రైవర్ రేడియో ఆపి అన్న పాట పెట్టాడు. ప్లాంట్ గేటు దాకా అదే మోగింది.

అన్నను తెలియని ఫ్రెండ్స్ కోసం చెప్తున్నా.

సైలస్ మా బళ్లారి సత్యనారాయణపేట మనిషి. ‘ఎర్రదుమ్ము’ బ్యాండ్ సింగర్. వాళ్లమ్మ సుకుమారి టీచర్ చర్చిలో కొయిర్ నడుపుతారు. గిటార్ అక్కడే నేర్చుకున్నాడు.

పాటలు మాత్రం చేన్లలో, లారీ స్టాండ్లలో ఏరుకున్నాడు. కలుపు తీసేవాళ్ల పాటకు డ్రమ్స్ కట్టి, దాన్ని కాలేజీ పిల్లల రింగ్‌టోన్ చేశాడు.

“యాడికి పోతాండావ్ లారీ, స్వల్ప నిల్లో లారీ” అన్నది మొదటిసారి విన్నప్పుడు పడీ పడీ నవ్వాను. సగం తెలుగు, సగం కన్నడ. కాస్త ఆగవో లారీ అని. మా ఇంట్లో మేం మాట్లాడేదే అది. స్కూల్లో మాట్లాడితే తిట్లు పడేవి. దాన్ని స్టేజీ మీద, అంత పెద్ద స్పీకర్లలో వింటే ఎంత గర్వంగా ఉండిందో.

ఆ తరువాత అన్న షో ఎక్కడుంటే నేనక్కడ.

బండ్రి అనే పల్లెలో మా అవ్వ ఉంటుంది. ఒక వేసవి సాయంత్రం అక్కడి స్కూల్ గ్రౌండ్‌లో ప్రోగ్రాం పెట్టారు. అవ్వను తీసుకెళ్లి ముందు వరసలో కూర్చోబెట్టాను. రెండో పాట మధ్యలో కరెంట్ పోయింది.

జనం లేచి దులుపుకుంటున్నారు. అన్న గిటార్ మెడలో వేసుకుని స్టేజీ దిగి, మామూలు గొంతుతోనే పాట ఎత్తుకున్నాడు. పోయేవాళ్లు మళ్లీ వచ్చి చుట్టూ మూగారు.

మా అవ్వకు చెవుడు. స్పీకర్లు ఉన్నంతసేపు తాళం వేసింది. ఇప్పుడు ఏమీ వినపడక విసుక్కుంది.

“గట్టిగా పాడప్పా, నాకు ఇనపడదు” అంది.

అన్న ఆమె ముందు మట్టిలో కూర్చున్నాడు. అవ్వ చెయ్యి పట్టుకుని గిటార్ చెక్క మీద ఆనించి, అలాగే తీగలు వాయించాడు.

అవ్వ మొదట అదిరిపడింది. తర్వాత ఇంకో చెయ్యి కూడా పెట్టింది. కళ్లు మూసుకుంది.

“కడుపులోకి వస్తాండాది పాట” అంది.

అన్న నవ్వాపుకోలేక పాడుతూ పాడుతూ లైన్ మర్చిపోయాడు. జనమే అందించారు. కరెంట్ వచ్చినా స్టేజీ ఎక్కలేదు. అవ్వ చేతులు తీసేదాకా అక్కడే కూర్చున్నాడు. అవ్వ తొందరగా తీసే రకం కాదు.

తర్వాత అన్నకు కిడ్నీలు చెడిపోయాయి. ముప్పైలు దాటని మనిషి. డయాలసిస్‌కు పోయి వచ్చి, ఒకరోజు రెస్ట్ తీసుకుని, మళ్లీ రిహార్సల్స్‌లో ఉండేవాడట.

పోయిన చలికాలం బళ్లారిలో పెద్ద షో. అదే చివరిదని మాకు తెలియదు.

నిలబడి పాడొద్దని డాక్టర్లు చెప్పారు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మొదలుపెట్టాడు. ఎప్పుడూ స్టేజీ ఈ చివర నుంచి ఆ చివరకు దూకే మనిషి. చూడలేకపోయాం.

ముందు వరసలో కాలేజీ అమ్మాయిలు నేల మీద కూర్చున్నారు. అన్న కూర్చుంటే మేం ఎలా నిలబడతామని. వాళ్లను చూసి వెనకవాళ్లు. కాసేపటికి గ్రౌండంతా కూర్చుంది.

అన్న గిటార్ ఆపేశాడు. మైక్ దగ్గరకు లాక్కుని అన్నాడు.

“నిలబడొద్దన్నది నన్ను గదప్పా, మిమ్మల్నెవరన్నారు? నా వంతు గూడా మీరే ఎగరల్ల. లెయ్యండి.”

ఇక చూడాలి.

మా నాన్న లారీల మనిషి. గిటార్ అంటే గిట్టదు. నన్ను దింపడానికి వచ్చి, గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడినవాడు, పంచె ఎగ్గట్టి ఎగిరాడు. ఒక చెప్పు పోయింది. ఇంటికి ఒక కాలు చెప్పుతో వస్తూ కూడా ఈల వేస్తూనే ఉన్నాడు. మా అమ్మకు ఏమని చెప్పాలో తెలియలేదు నాకు.

ఈరోజు పొద్దున సత్యనారాయణపేటకు వెళ్లాను. వీధి నిండా జనం. ప్రార్థన అయ్యాక బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించే బసవ, సుకుమారి టీచర్ పక్కన కూర్చుని, వచ్చే నెలలో ఉన్న తన పెళ్లి వాయిదా వేసుకుంటానని చెప్పాడు.

టీచర్ కళ్లు తుడుచుకుని అతని తల నిమిరారు.

“ఆపొద్దు బసవా. ఆస్పత్రిలో పండుకోని నీ పెళ్లికి ట్యూన్ కట్టినాడు వాడు. నా ఫోన్‌లో ఉండాది. అందరం నేర్చుకోని పాడల్ల.”

బసవ ఆమె ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చాడు. మేమూ ఏడ్చాం. తర్వాత టీచర్ ఆ ట్యూన్ వినిపించారు. అన్న హమ్మింగ్, మధ్యలో దగ్గు, దగ్గాక నవ్వు. భలే హుషారైన ట్యూన్. ఏడుస్తూనే కాళ్లు ఆడించాం.

పెళ్లిలో కొయిర్‌తో పాటు ఎవరెవరు పాడతారని టీచర్ అడిగితే వాకిట్లో అందరం చేతులెత్తాం. గొంతు బాగలేనివాళ్లు వెనక వరస అని ఆవిడ అప్పుడే చెప్పేశారు. నాది వెనక వరసే. ఆదివారం నుంచి ప్రాక్టీస్. మీరూ రండి.

పోయిరా సైలసన్నా. ఇక సూదులు లేవు, నొప్పి లేదు. నువ్వు నమ్మిన దేవుని దగ్గర నీకు నిండా నెమ్మది దొరకాలి.