ఆకుపచ్చ కారులో మిరపకాయల దండ

కొత్త కాయ దిగే రోజుల్లో గుంటూరు మిర్చి యార్డు ముందు నుంచి వెళ్లేవాళ్లంతా కారు అద్దాలు ఎత్తుకుంటారు. నేను దించుతాను. మొన్న పక్కన కూర్చున్న మా అమ్మాయి ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని, "అమ్మా, నీకేమైనా అయిందా?" అని అడిగింది. ఏమీ కాలేదు. ఆ ఘాటు గొంతుకి తగలగానే నాకు మామయ్య ఆకుపచ్చ కారు గుర్తొస్తుంది. ఒకనాటి దగ్గు మాకు ఎంత మేలు చేసిందో గుర్తొస్తుంది. అంతే.

మామయ్య మా అమ్మకి అన్న. పత్తి వ్యాపారం. మనిషి జాగ్రత్తపరుడే, ఒక్క ఆ కారు విషయంలో తప్ప. ఎవరిదో పాత బంగళా షెడ్డులో దుమ్ము కొట్టుకుపోయి ఉంటే కొనుక్కొచ్చిన విదేశీ స్పోర్ట్స్ కారు అది. రెండే సీట్లు, పైన కప్పు లేదు, నేలకి జానెడు ఎత్తులో ఉండేది. అందులోకి ఎక్కడం అంటూ ఉండదు, దిగడమే. స్టార్ట్ చేస్తే వీధి చివరి ఇంట్లో ఉయ్యాల్లో పిల్లలు లేచేవాళ్లు. పత్తి బేళ్లు ఖాళీ అయిన గోడౌన్లో దాన్ని పెట్టి, ప్రతి ఆదివారం పాత పంచె ముక్కతో తుడిచేవాడు. గాలికి తేలే దూది పోగులు ఇంజను జిడ్డుకి అంటుకుంటాయి, వాటికి ఒక్క నిప్పురవ్వ చాలు. అది తెలుసు గనక కుంచెతో లోపలంతా దులిపేవాడు. మంటలార్పే ఎర్ర సిలిండరు సీటు కిందే బిగించాడు, డిక్కీలో ఉంటే అవసరానికి చేతికందదని. ఇన్ని తెలిసిన మనిషి పెట్రోలు పైపుల దగ్గరికొచ్చేసరికి మొండికేసేవాడు. రబ్బరు గట్టిపడిపోయింది, ఇప్పటి పెట్రోలుకి తట్టుకోదు, మార్చేద్దామని మెకానిక్ ఎన్నిసార్లు చెప్పినా, "అవి కారుతో పాటు పుట్టినయ్యయ్యా. అవి మారిస్తే ఇంకేముంది" అనేవాడు.

ఆయన కోరిక ఒకటే, పక్క సీట్లో అత్తయ్య కూర్చోవాలి. అత్తయ్య కూర్చోదు. రోడ్డు మీద చతికిలబడ్డట్టుంటుందని ఆమె బాధ. పెళ్లిళ్లకీ పేరంటాలకీ ఆమె ఆటోలో ముందు, ఈయన కారులో వెనక. ఆ ఖాళీ సీట్లో ఒక్కోసారి కూరగాయల సంచీ పెట్టుకుని వచ్చేవాడు. చూస్తే నవ్వూ వచ్చేది, జాలీ వేసేది.

చివరికి ఒక ఏడు, అమరావతి వెళ్లి అమరేశ్వరుణ్ణి చూసొద్దామంటే, ఏ కళనుందో, అత్తయ్య సరేనంది. షరతు మాత్రం పెట్టింది. ఎండుమిరపకాయలూ నిమ్మకాయా గుచ్చిన దిష్టి దండ కారుకి కట్టాలి. మామయ్యకి తల కొట్టేసినట్టయింది. అంత అందమైన కారు ముందు మిరపకాయలా? అయినా ఆ సీటు నిండటం ముఖ్యం గనక కట్టాడు. కట్టింది బానెట్ లోపల. "దిష్టికి రేకు అడ్డమా ఏంటి" అని సమర్థించుకున్నాడు. అత్తయ్య తొంగిచూసి, దండ ఉందని రూఢి చేసుకుని, కొంగు నడుముకి దోపుకుని సీట్లోకి దిగింది.

నాకు చోటు లేదు గనక కొబ్బరికాయల సంచీతో స్కూటర్ మీద వెనకాల బయల్దేరాను. ఊరు దాటాక దారికి రెండు వైపులా పరిచిన టార్పాలిన్ పట్టాల మీద మిరపకాయలు ఎండుతున్నాయి. అత్తయ్య చెయ్యి బయటపెట్టి గాలికి వేళ్లు ఆడించడం చూసి నాకే సంతోషమేసింది. కాసేపటికి ఆమె దగ్గింది. తర్వాత మామయ్య. ఆ తర్వాత నేను. మిరప కల్లాల పక్కన దగ్గు వింతేమీ కాదు. కానీ ఇది ఎండే కాయ వాసన కాదు, తిరగమాతలో మాడిన కాయ ఘాటు. ఆ తేడా అందరికంటే ముందు అత్తయ్యకే తెలిసిందట. "ఏవండీ, కాయ మాడుతోంది. మన దగ్గరే" అందట. బానెట్ సందులోంచి సన్నటి పొగ అప్పుడు కనిపించింది.

పక్కకి ఆపుదామంటే రెండు వైపులా ఎవరిదో ఏడాది కష్టం ఎర్రగా పరుచుకుని ఉంది. ఇంజను నడుస్తున్నంతసేపూ మంటకి పెట్రోలు అందుతూనే ఉంటుంది. మామయ్య ఇంజను ఆపేసి, గేరు తీసేసి, ఉన్న ఊపుతోనే కారుని ఆ కాయల పట్టాలు దాటించి, కల్వర్టు దగ్గర ఖాళీ చోట నిలిపాడు. ముందు అత్తయ్యని దింపి దూరంగా నా దగ్గరికి పంపాడు. ఆమె దగ్గుతూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఈలోపు కాయలు తిరగేస్తున్న రైతు బిందెడు నీళ్లతో పరిగెత్తుకొచ్చి బానెట్ ఎత్తబోయాడు.

"ఎత్తొద్దయ్యా," మామయ్య అడ్డం నిలబడ్డాడు. "గాలి తగిలితే భగ్గుమంటది. నీళ్లు పోశావంటే పెట్రోలు వాటి మీద తేలి, మంట నీ కాయల్లోకి పారుద్ది."

"మరి చూస్తా నిలబడమంటారా?" అన్నాడు రైతు.

"దూరంగా నిలబడి చూడు."

లోపలి మీట లాగితే బానెట్ వేలెడంత లేచింది. ఆ సందులోకి సిలిండరు మూతి పెట్టి తెల్లటి పొడి కొట్టాడు. పొగ ఆగింది. అయినా తెరవలేదు. వేడి తగ్గకముందు తెరిస్తే మళ్లీ అంటుకుంటుందని చాలాసేపు ఎండలో అలాగే నిలబడ్డాడు. చివరికి ఎత్తి చూస్తే, పెట్రోలు పైపు నిలువునా పగిలి ఉంది. దాని పక్కనే తీగకి మిరపకాయలు బొగ్గులై వేలాడుతున్నాయి. మంటకి ముందు దొరికింది అవే. ఆ ఘాటే లేకపోతే సంగతి తెలిసేసరికి మంట ఇద్దరి ఒళ్లోకి వచ్చేది.

మామయ్య ముఖం చూడలేకపోయాను. ఇక జన్మలో ఆమె ఆ సీట్లో కూర్చోదని ఆయనకి ఖాయమైపోయింది. ఎన్నడూ దిష్టిని నమ్మని మనిషి, "ఊళ్లో అందరి కళ్లూ దీని మీదేనాయె. దిష్టి తగిలింది" అన్నాడు.

మా వైపు దిష్టి తీసిన మిరపకాయలు నిప్పుల్లో వేస్తారు. ఘాటు రాకపోతేనే దిష్టి ఉన్నట్టు. అత్తయ్య కళ్లు తుడుచుకుని, "దిష్టే అయితే ఘాటు రాకూడదుగా. ముగ్గురం చచ్చేట్టు దగ్గాం. దిష్టీ లేదు, గిష్టీ లేదు. మీ పైపులే" అంది.

"నేనూ దగ్గానండి" అని రైతు సాక్ష్యం పలికాడు.

"కొత్త పైపులు వేయించండి, కూర్చుంటాను" అంది అత్తయ్య. మామయ్య అటు తిరిగి కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. ఘాటు వల్లేనన్నాడు.

అప్పట్నుంచి వాళ్లింట్లో అదో ఆచారమైంది. ఏటా కొత్త కాయ రాగానే అత్తయ్య దండ మారుస్తుంది. ఆ పూటే మెకానిక్ వచ్చి పైపులూ బిగింపులూ చూసి, గట్టిపడ్డవి తీసేస్తాడు. సిలిండరు కూడా పనిచేస్తుందో లేదో చూసుకుంటారు. చాలా ఏళ్లు ఇద్దరూ ఆ కారులో తిరిగారు. వినుకొండ దాకా కూడా వెళ్లొచ్చారు. ఇప్పుడు మామయ్యకి చూపు ఆనడం లేదు. నడిపేది నేను. ఈ ఏడు దండ కట్టాక అత్తయ్య పక్కకి జరిగి, "మీరు కూర్చోండి" అంది.

"అది నీ సీటు" అన్నాడాయన.

ఎంత చెప్పినా వినలేదు. గేటుకి చెయ్యి ఆనించి నిలబడి, కారు కదిలేముందు గట్టిగా గాలి పీల్చి చూసి, "ఏం మాడటం లేదులే, వెళ్లిరండి" అన్నాడు. అత్తయ్య వీధి మలుపు దాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. ఆమె సీటు నింపడానికి అన్నేళ్లు తీసుకున్న కాలం, ఆయన సీటు ఖాళీ చేయడానికి అంత తీరిక చూపించలేదు.