ఎడమ మడమ లేచిన రోజు

ఆ సోమవారం యూనివర్సిటీ లైబ్రరీ మెట్లు దిగుతుంటే ఎడమ చీలమండ లోపలివైపు సలుపు మొదలైంది. పద్దెనిమిదేళ్ళుగా పుస్తకాలు సర్దుతూ మూడు అంతస్తులూ తిరగడమే నా ఉద్యోగం. అలసట అనుకున్నాను. వారానికల్లా అక్కడ వాపు వచ్చింది.

మా అటెండర్ యాదమ్మ వెనకనుంచి చూసి ఆపింది. "మేడం, మీ ఎడమ కాలు లోపటికి ఒరుగుతున్నది. డాక్టర్‌కు సూపెట్టుకోండ్రి."

తార్నాకలో ఆర్థోపెడిక్ డాక్టర్‌గారు గోడ పట్టుకుని ఒంటికాలి మీద మడమ ఎత్తమన్నారు. కుడి మడమ లేచింది. ఎడమది అంగుళం కూడా కదల్లేదు. నలభై ఏడేళ్ళ మనిషిని, ఏడుపొచ్చేసింది.

ఎక్స్-రే, అల్ట్రాసౌండ్ చూసి ఆయన చెప్పారు: "పోస్టీరియర్ టిబియల్ టెండన్ దెబ్బతిందమ్మా. అరికాలి వంపును, అంటే ఆర్చ్‌ను, పైకి పట్టి ఉంచే తాడులాంటిది అది. త్వరగానే వచ్చారు. సర్జరీ అక్కర్లేదు."

లోపల ఆర్చ్ సపోర్ట్ ఇన్‌సోల్స్, అంటే అరికాలి వంపుకి ఆసరా ఇచ్చే మెత్తలు, పెట్టిన షూస్, ఫిజియోథెరపీ రాశారు. ఫిజియోథెరపీలో మొదటి వ్యాయామం: వేళ్ళు ముడవకుండా అరికాలి మధ్యభాగాన్ని పైకి లాగాలి. నాకు కనుబొమలు తప్ప ఏమీ లేవలేదు. "ఆర్చ్ లేపండి ఆంటీ, మొహం కాదు!" అంది ఫిజియో అమ్మాయి. ఇద్దరం పగలబడి నవ్వాం.

నెలకి నొప్పి తగ్గింది. ఆ ధైర్యంతో అడిక్‌మెట్‌లో మా ఆడపడుచు కూతురి పెళ్ళికి పల్చటి చెప్పులతో వెళ్ళి పొద్దంతా నిలబడ్డాను. మర్నాడు కాలు కింద పెట్టలేకపోయాను. "నొప్పి తగ్గింది గాని టెండన్ మానలేదమ్మా" అంటూ డాక్టర్‌గారు ఆరు వారాలు, చీలమండ కదలకుండా పట్టి ఉంచే వాకింగ్ బూట్ వేయించారు. లైబ్రరీలో నన్ను కౌంటర్‌కి మార్చారు. ఇక ఆ అల్మారాల మధ్య తిరగలేనేమోనని బెంగపడ్డాను.

బూట్ తీశాక రోజూ వ్యాయామం చేస్తుంటే మా ఆయన పక్కన నిలబడి లెక్కపెట్టేవారు. పది అనాల్సినచోట మళ్ళీ ఏడు అనేవారు. "ఇదేం లెక్కండీ?" అంటే, "నీకు పుస్తకాలు తెలుసుగాని లెక్కలేం తెలుసోయ్" అనేవారు.

అయిదో నెలలో ఒక ఉదయం, క్లినిక్‌లో, ఎడమ మడమ లేచింది. రెండు వేళ్ళంత ఎత్తు! "ఆంటీ, లేచింది!" అని ఫిజియో అమ్మాయి అరిచిన అరుపుకి బయట కూర్చున్న పేషెంట్లు తొంగిచూసి చప్పట్లు కొట్టారు. యాదమ్మకి ఫోన్ చేశాను. "ఇగ దావత్ ఇయ్యాలె మేడం!" అంది. ఇచ్చాను, కడుపునిండా బిర్యానీతో.

ఇప్పుడు మూడు అంతస్తులూ మళ్ళీ నావే. ఉదయం క్యాంపస్ రోడ్ల మీద నేను ముందు, మా ఆయన వెనక.

ఒక్కమాట చెబుతాను. నొప్పి తగ్గగానే ఇన్‌సోల్స్ తీసెయ్యకండి. డాక్టర్ చాలనేదాకా, పట్టుచీర కిందైనా సరే, ఆ షూసే వేసుకోండి. మొన్నొక రిసెప్షన్‌కి నేనలాగే వెళ్ళాను. అందరూ భోజనాలవైపే చూశారు, నా కాళ్ళవైపు ఎవరూ చూడలేదు.