కొండమీది బస్సు ఆపిన మేయరు

పాతికేళ్లు సిటీ బస్సు నడిపిన మనిషి మేయరయ్యాడంటే ఊరు మురిసిపోయింది. కుర్చీ ఎక్కాక కూడా జనం అతన్ని "మన డ్రైవరు" అనే పిలిచేవాళ్లు. మొదటి ఏడాది చల్లగానే గడిచింది. ఆ తర్వాత పెద్ద మిల్లు మూతపడింది. దాని మీద వచ్చే పన్నూ పోయింది.

కమిషనర్ బడ్జెట్ ముసాయిదా తెచ్చి ముందు పెట్టాడు. కొండమీది కాలనీకి బస్సు రద్దు అని అందులో ఉంది. మేయరు ఏళ్ల తరబడి నడిపిన బస్సే అది. అతని అక్క ఉండేది ఆ కాలనీలోనే. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. ఇప్పుడు మోకాళ్లు అరిగిపోయి, బస్సు లేనిదే కొండ దిగలేదు.

"ఈ ఒక్కటీ వదిలేద్దామండీ," అన్నాడు మేయరు.

"అలాగైతే వీధులూడ్చేవాళ్ల జీతాలు ఆగుతాయి సార్. ఏది ఆపాలో మీరే చెప్పండి." కమిషనర్ గొంతులో ఎకసెక్కం లేదు, అలసటే ఉంది.

మేయరు నేరుగా ప్రతిపక్ష నాయకుడి ఇంటికి వెళ్లి, రాజీనామా చేస్తున్నానన్నాడు. ఎన్నికల్లో తనను దుమ్మెత్తిపోసిన మనిషి కదా, ఎగిరి గంతేస్తాడనుకున్నాడు. ఆయన తలుపు దగ్గరగా వేసి, ఇతని చేతులు పట్టుకున్నాడు.

"అంత పని చేయకు బాబూ. నువ్వు దిగితే అక్కడ నన్ను కూర్చోబెడతారు, ఈ కోతలన్నీ నా మెడకు చుట్టుకుంటాయి. సభలో నిన్ను నాలుగు మాటలంటాను, మనసులో పెట్టుకోకు. నువ్వు మాత్రం కదలకు."

సభ రోజు హాలు కిక్కిరిసింది. మేయరు తల ఎత్తకుండా చదువుకుంటూ పోయాడు. రవాణా పద్దు దగ్గర ఆగాడు. నీళ్లు తాగి ఆ వాక్యం చదివాడు. గ్యాలరీలో కొండ కాలనీ ముసలాయన ఒకడు పక్కవాణ్ణి అడిగాడు: "చదువుతున్నది మన డ్రైవరేనా?" ఎంత మెల్లగా అడిగినా మేయరు చెవిన పడింది. ప్రతిపక్షం చెప్పినట్టే తిట్టిపోసి బయటికి నడిచింది. బడ్జెట్ గట్టెక్కింది.

మర్నాడు అక్క దగ్గరికి వెళ్లాడు.

"కిందికి వచ్చెయ్యక్కా. నా దగ్గరే ఉందువుగాని."

"నా కుట్టుమిషను ఇక్కడుంది, ఇరుగుపొరుగు ఇక్కడున్నారు. అక్కడికొచ్చి చేతులు ముడుచుకుని కూర్చోమంటావా?"

"నా మీద కోపం లేదా?"

"టీవీలో చూశాన్రా. చొక్కా అంత నలిగిపోయింది, ఇస్త్రీ చేసుకోవూ?"

నాలుగు తిట్టినా బాగుండేది. తలుపు మొహాన వేసినా తేలిగ్గా ఉండేది. ఆమె కాలరు సర్ది, భోజనం పెట్టి పంపించింది.

నెల తిరక్కుండా బస్సు ఆగింది. అక్క కొండ దిగడం మానేసింది. రోజూ ఫోన్ చేసి, తిన్నావా, నిద్రపోతున్నావా అని అడుగుతుంది. బస్సు మాట ఎత్తదు. ఫోన్ మోగుతుంటే మేయరు దానికేసి చూస్తూ కాసేపు కూర్చుని, ఆపైన తీస్తాడు. పదవీకాలం ఇంకా సగం పైనే ఉంది.