నాయనకు పెట్టిన టర్కీ కోడి

ఫిబ్రవరి, మొదటి ఆదివారం. నాయన తిథి. ఇంట్లో ఉన్నవారు: నేను, నా భార్య, వేప్పనపల్లి నుంచి వచ్చిన మా అక్క, కుందారపల్లి బామ్మర్ది.

అక్కకు రక్తపోటు. ఉప్పు కాస్త ఎక్కువైతే కాళ్లు వాచి, ఆయాసం వస్తుంది. కృష్ణగిరి డాక్టరమ్మ ఆమెను గట్టిగా హెచ్చరించి పంపిన సంగతి మా అందరికీ తెలుసు. ఆమె కోసం పప్పు వేరుగా, చప్పగా చేయమని చెప్పింది కూడా నేనే.

నాయనకు పొగలో ఆరిన మాంసమంటే ప్రాణం. మా చిన్నప్పుడు ఉప్పు పట్టించిన ముక్కలను తీగకు గుచ్చి పొయ్యి పైన వేలాడదీసేవారు. ఈసారి తిథికి ఆ రుచిని ఒక టర్కీ కోడి మొత్తానికి పట్టించాలని నాకు బుద్ధి పుట్టింది. బామ్మర్ది తన తోటలో పెంచిన పుంజును ఇచ్చాడు. వీడియోలు చూసి, గుండిగలో ఉప్పునీళ్లు, బెల్లం, మిరియాలు కలిపి, ఐసుగడ్డలు మారుస్తూ రెండు రాత్రులు నానబెట్టాను. తీశాక మంచినీళ్లతో కడిగి ఊరుకోవాలి. అయితే మా ఇళ్లలో కడిగిన మాంసానికి ఉప్పూ పసుపూ పట్టించనిదే పొయ్యి ఎక్కించరు. చేయి అలవాటుగా ఉప్పు జాడీలోకి పోయింది. లోపలా బయటా దట్టంగా రుద్దాను.

తెల్లవారుజామునే పెరట్లో పాత ఇనుప డ్రమ్ము కింద మామిడి కట్టె రాజేసి, కోడిని లోపల వేలాడదీశాను. బామ్మర్ది వచ్చి పొగలో నిలబడి కళ్లు తుడుచుకున్నాడు.

"ఏం బావా, రోడ్డుకు తారు కాస్తా ఉండావా?"

"తినేటప్పుడు చెప్దువులే."

మధ్యాహ్నానికి తోలు ముదురు తేనె రంగు తిరిగింది. నా భార్య కత్తి పట్టుకొని వచ్చింది. "అంచున ఒక ముక్క కోసి ఉప్పు చూస్తామా?"

"పెద్దలకు పెట్టకముందే ఎంగిలి చేస్తావా? ఇన్నేండ్లయినా నీకు చెప్పాల్నా?" అన్నాను, ఆమె తమ్ముడి ముందరే. ఆమె కత్తి అక్కడే పెట్టి లోపలికి పోయింది.

నాయన పటం ముందు పెట్టి, దండం పెట్టుకొని, ఇంటికి పెద్దదని మొదట అక్క ఆకులో వడ్డించాను. ఒక చిన్న ముక్క చాలు ఆమెకు. నా పనితనం చూపించుకోవాలని తొడ ముక్క వేశాను. అందరికీ వేసి, నేనూ కూర్చొని నోట్లో పెట్టుకున్నాను. ఉప్పుకు నాలుక మండిపోయింది. తల ఎత్తితే బామ్మర్ది నీళ్లు తాగుతున్నాడు. అక్క ఆకులో ఇంకా ముప్పాతిక ముక్క ఉంది.

"వదినా, అది పక్కన పెట్టేయి. పప్పన్నం తిను," అంది నా భార్య.

అక్క నా వైపు చూసింది. వద్దక్కా అంటే సరిపోయేది.

"పొగలో ఆరింది అట్లనే ఉంటుంది," అన్నాను.

"నాయనకు పెట్టింది ఆకులో ఎట్ల వదిలేది?" అని అక్క తినసాగింది. మధ్య మధ్య నీళ్లు అడిగింది. నేనే పోశాను.

"ఇంగ ఉప్పు కోసం సముద్రానికి పోయే పని లేదు బావా," అన్నాడు బామ్మర్ది. నేనూ నవ్వాను. నా భార్య నవ్వలేదు.

మరునాడు ఉదయం అక్క కాళ్లు చెప్పుల్లో పట్టలేదు. నాలుగు మాటలకే ఆయాసపడుతోంది. ఆటోలో కృష్ణగిరికి తీసుకుపోయాను. డాక్టరమ్మ ఆమె పాదం మీద వేలితో నొక్కి, గుంట పడిన చోటే చూస్తూ, నిన్న ఏం తిన్నారని తమిళంలో అడిగింది.

నేను నోరు తెరిచేలోపే అక్క అందుకుంది. "ఊరగాయమ్మా. మామిడికాయది. నోరు కట్టుకోలేకపోయినాను."

ఈ వయసులో చిన్నపిల్లలా ఇదేమిటని డాక్టరమ్మ ఆమెను అందరి ముందూ కోప్పడింది. అక్క తల వంచుకొని వింది. నేను ఆమె మందుల చీటీలు పట్టుకొని పక్కనే నిలబడ్డాను. సూది వేశాక డాక్టరమ్మ నా వైపు తిరిగి, మీరైనా దగ్గరుండి చూసుకోవాలి కదా అంది.

"చూసుకుంటానమ్మా," అన్నాను.