కుండ పచ్చడి, గిన్నె పచ్చడి

మొన్న బట్టల దుకాణం వాళ్ళిచ్చిన క్యాలెండరులో ప్రతి పండుగ గడిలోనూ ఒక వంటకం బొమ్మ వేశారు. తొలి ఏకాదశికి పేలాల పిండి వేయడం మరిచారు గాని, ఉగాదికి మాత్రం గిన్నెడు పచ్చడి, అందులో ఒక చెంచా ఉన్నాయి. ఆ చెంచాను చూస్తే నాకు ప్రభవ నామ సంవత్సరం, అంటే ఎనభై ఏడు, గుర్తొచ్చింది.

అరవై ఏళ్ళ వరుస ప్రభవతోనే మొదలవుతుంది. నేను బడికి పోలేదు. మా నాన్నగారు పంచాంగం ముందు పెట్టుకుని ఇంట్లోనే అక్షరాలు దిద్దించారు కనుక ఆ పేర్లన్నీ నాకు కంఠతా వచ్చు. సూర్యాపేటలో ధాన్యం అడ్తి నడిపే ఇంటికి కోడలిగా వచ్చాక నాకు అదే మొదటి ఉగాది. అత్తగారు జ్వరంతో మంచం దిగలేకపోవడంతో పచ్చడి పని నా చేతికి వచ్చింది. కోదాడలో మా అమ్మ చేసినట్టే చిక్కటి చింతపండు గుజ్జులో బెల్లం, మామిడి ముక్కలు, వేపపువ్వు, అరటిపండు కలిపి, గిన్నెలో దేవుడికి నైవేద్యం పెట్టి, నిమ్మళంగా లేచాను.

బయట అరుగు మీద అడ్తిలో బస్తాలు మోసే హమాలీలు, వాడకట్టు వాళ్ళు అప్పటికే వచ్చి కూర్చున్నారు. ఆ ఇంట పచ్చడిని కొత్త కుండలో పల్చగా కలిపి, వచ్చినవారందరికీ గ్లాసుల్లో తాగడానికి పోస్తారని నాకెవరూ చెప్పలేదు; చెప్పాలని వాళ్ళకూ తోచి ఉండదు. నేను గిన్నె బయటికి తెస్తే మామగారు అందులోకి తొంగి చూశారు. హమాలీల పెద్ద ఆయనతో, "వేలు ముంచి నాకాలెనా సేటూ, మా దూప ఎట్ల తీరాలె?" అన్నాడు, అందరూ నవ్వారు. నీళ్ళు పోద్దామంటే నైవేద్యాన్ని చెడగొట్టినట్టు, పోయకపోతే ఏడాది మొదటినాడే ఇంటికొచ్చినవాళ్ళను నోరు తడపకుండా పంపినట్టు. ఇక ఈ ఇంట వంటగది నాకు దక్కదనుకుంటూ ఆ గిన్నె పట్టుకుని అత్తగారి మంచం దగ్గరికి వెళ్ళాను.

ఆమె వేలితో కొంచెం తీసి నాలుకకు రాసుకున్నారు.

"గిది పచ్చడి గాదు బిడ్డా, తొక్కు. అన్నంల కలుపుకుంటరు. దేవునికి పెట్టింది అట్లనే ఉండనియ్యి. కుండల ఇంకోటి కలుపు, నేను సెప్త."

ఎంత నీరు, ఎంత పుట్నాల పొడి అని పడుకునే చెబుతూ నాచేత కుండ నింపించారు. అది బయటికి పంపి నేను తిరిగి వచ్చేసరికి గిన్నెలో సగం ఖాళీ అయి ఉంది. జ్వరం నోటికి అది రుచించిందో, నన్ను నిలబెట్టడానికే తిన్నారో నేను అడగలేదు. మనసులోనే ఆ తల్లికి దండం పెట్టుకున్నాను. తరువాత ఆమె ఉన్నన్నాళ్ళూ ఉగాదికి మా ఇంట్లో రెండు పచ్చళ్ళు ఉండేవి. కుండ ముందు వాడకట్టంతా నిలబడి ఉన్నా, "నా తొక్కేది?" అని ఆమె పీట వేసుకుని కూర్చునేవారు.

ఇప్పుడు అడ్తి లేదు, అరుగు లేదు. పచ్చడి కోసం మూడో అంతస్తుకు ఎక్కి వచ్చేవాళ్ళూ లేరు. మా కోడలిది మిర్యాలగూడ. పల్చగా, రుచిగా కలిపి ఉన్న నలుగురికీ గ్లాసుల్లో పోస్తుంది. చిక్కటిది ఎలా చేయాలో తను అడగలేదు, నేనూ చెప్పలేదు. ఒక మనిషి కోసం వేరే గిన్నె కలిపే ఓపిక నాకు ఒకప్పుడు బాగానే ఉండేది. నా కోసం నేను కలుపుకోవడం మాత్రం అలవాటు కాలేదు.