చివరి చిప్పుల్లోని ‘వస్త’

ఇది మహాకావ్యం. దీపసహస్రాన్ని ఏకసూత్రబద్ధం చేసి, అంకెలతో అంధకారాన్ని జయించిన ధీరోదాత్తుని నిర్యాణగాథ. అలా మొదలుపెట్టాను గానీ, కాదు. మా మేనమామ మల్లేశం సిద్దిపేటలో దుకాణాలకు లైట్ల బోర్డులు చేసేవాడు. మొన్న మధ్యాహ్నం ఇంటికి పోయి, అన్నం తిని, నడుం వాల్చి, మళ్ళీ లేవలేదు. వార్త విని స్థాణువునయ్యానని రాయాలి. నిజానికి చేతిలో సోల్డరింగ్ ఐరన్ కాలుతోంది. ముందు దాని స్విచ్ ఆపాను.

మామ గణితజ్ఞానం అపారం, వినియోగం విచిత్రం. బోర్డు లైట్లు వెలిగించే చిప్పులతో మాట్లాడే, పదహారు గుర్తుల హెక్సాడెసిమల్ లెక్కలో తొమ్మిది తర్వాత ఏ, బీ అంటూ ఎఫ్ దాకా పోవాలి. ఓసారి దవాఖానలో నర్సు వయసడిగితే అదే లెక్కలో "త్రీ ఏ" అన్నాడు.

"వయసడిగిన పెద్దాయనా, రైలు డబ్బ కాదు" అందామె.

యాభై ఎనిమిదని నేను చెప్పాల్సి వచ్చింది. "గా లెక్కల నాకింక నలభై గూడ నిండలేదురా" అని దారంతా సంబరపడ్డాడు.

ఆయన పక్కనే పనిచేస్తున్నా ఈ విద్య నాకు ఎక్కేది కాదు. పదితోనే లెక్కపెడితే ఏం పోతుందని అడిగాను.

"నీకు పది వేళ్ళున్నయి. చిప్పుకేమున్నయి? లైట్లు. నాలుగు లైట్లకు ఒక గుర్తు, ఎనిమిది లైట్ల వరుసకు రెండు. నువ్వు పంపే నాలుగు గుర్తులల్ల ముందటి రెండు జాగ, అంటే ఏ వరుసనో; ఎన్కటి రెండు సామాను, అండ్ల ఏ లైట్లు వెలగాల్నో."

చిప్పులను గొలుసు కట్టినప్పుడు ఇంకో మాట చెప్పేవాడు: "ముందుగాల పంపింది ఆఖరి దాంక పోతది. మార్చొద్దన్న చిప్పుకు నాలుగు సున్నలియ్యి. గది కదలదు."

ఆ మధ్యాహ్నం ఆయన బోర్డు మీద పెట్టి వెళ్ళిన మాట అలాగే ఎర్రగా వెలుగుతూ ఉండిపోయింది: "బువ్వకు పోయిన. వస్త."

తన బోర్డు కోసం వచ్చిన వర్గల్ కొబ్బరికాయల దుకాణాయన దాన్ని చూసి గడప మీద కూర్చున్నాడు. మామ లేడని చెప్పాను.

"వస్త అని ఉన్నది గదా."

"రాసినంక సచ్చిపోయిండు."

బోర్డును మరోసారి చదివాడు. లేవలేదు. నవ్వుదామనుకున్నాను గానీ, అప్పటికి నేనూ వీధి మలుపు వైపే చూస్తున్నాను.

నిన్న మామ భార్య, మా అత్తమ్మ, వచ్చింది. "ఆ వస్త తీసెయ్యి కొడుకా. ఇంట్ల తలుపు దిక్కే చూసుకుంట కూసుంటున్న. మిగిలింది ముట్టకు. నా చేతి బువ్వకే గదా పోయిండు."

"అంత తీసి మల్ల రాస్త అత్తమ్మా."

"గప్పుడు గది నువ్వు రాసిందయితది."

‘వస్త’ చివరి రెండు చిప్పుల్లో ఉంది. క్రమం తప్పితే చెరిగేది ‘బువ్వ’. ఒక్కో వరుసకు ముందుగా ఆ రెండింటికి చెరిపే గుర్తులు, మొదటి వరుసకు 0100, రెండోదానికి 0200 అంటూ. వాటి వెనుక మిగతా చిప్పులన్నిటికీ నాలుగేసి సున్నాలు. ఒక్కో అంకెను రెండుసార్లు సరిచూసి పంపాను. ‘వస్త’ పైనుంచి కిందికి, వరుస తర్వాత వరుస, ఆరిపోయింది. ‘బువ్వకు పోయిన’ చెక్కుచెదరలేదు.

అత్తమ్మ మిగిలిన రెండు మాటలూ చదివింది. "ఇగ తలుపేసుకుంట" అంది.

ఆ కీర్తిశేషునికి అశ్రునివాళి. అటువంటి విద్వాంసుడు మా వీధికి మళ్ళీ రాడు. కరెంటు పోతే చిప్పులు ఉన్నదంతా మరచిపోతాయి కనుక బోర్డు ఇన్వర్టర్ మీద నడుస్తోంది. దాని బ్యాటరీలో నీళ్ళు తగ్గాయి. డిస్టిల్డ్ వాటర్ తేవాలి.